రెండు 6లు, ఒకే గాటు: ఒక 1969 కమారో ఇంజిన్ గుర్తింపు

పరిశీలనకు వచ్చిన బండి 1969 మోడల్ షెవర్లే కమారో జెడ్/28. కొనదలచినవారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో స్థిరపడిన ఒక ఇంజనీరు. అమ్మజూపినవారు అదే రాష్ట్రంలో పదిహేనేళ్లుగా ఆ బండిని షెడ్డులో భద్రంగా ఉంచుకున్న ఒక పెద్దాయన. బండితో పుట్టిన ఇంజినే ఇప్పటికీ అందులో ఉందని, నంబర్లన్నీ సరిపోతాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదే ధర నిలబడి ఉంది కాబట్టి, అది నిజమా కాదా అని తేల్చడమే నాకు అప్పగించిన పని. బండి నడుస్తుందా, రంగు బాగుందా, సీట్లు అసలువేనా అన్నవి నా పరిధిలో లేవు.

ఈ ఇంజిన్‌కు ఇంత పట్టింపు ఎందుకో చెబితేగాని తరువాతి విషయం అర్థం కాదు. అమెరికాలో ట్రాన్స్-ఆమ్ పందేలకు ఇంజిన్ సామర్థ్యం 305 ఘనపు అంగుళాలు దాటకూడదన్న నిబంధన ఉండేది. దానికి లోబడి ఉండేందుకు షెవర్లే 4 అంగుళాల బోరు (సిలిండర్ వ్యాసం), 3 అంగుళాల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం)తో 302 ఘనపు అంగుళాల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ తయారు చేసి, 1967 నుంచి 1969 వరకు కమారో జెడ్/28లో మాత్రమే అమర్చింది. కాగితం మీద దాని శక్తి 290 హార్స్ పవర్. 1967లో 602 బండ్లే తయారుకాగా 1969 మోడల్‌లో ఆ సంఖ్య 20,302కి చేరింది. అయితే 1969 కమారో వాహన సంఖ్యలో బండి వి8 అన్న సంగతి తెలుస్తుంది తప్ప జెడ్/28 అన్న సంగతి తెలియదు. అందువల్ల మామూలు కమారోకు చారలు వేసి, బ్యాడ్జీలు తగిలించి జెడ్/28 అని అమ్మిన ఉదంతాలు ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు.

ఈ బండి మాత్రం అలా చారలు పులుముకున్నది కాదు. ఇంజిన్ గదికీ క్యాబిన్‌కూ మధ్యనున్న గోడ మీది రేకు బిళ్ల రివెట్లు కదలకుండా అలాగే ఉన్నాయి. దాని మీద ఎక్స్33 అన్న గుర్తు ఉంది. ఒహాయోలోని నార్‌వుడ్ కార్ల కర్మాగారం ఆ మోడల్ సంవత్సరంలో ఈ గుర్తును జెడ్/28 బండ్లకే వేసింది. అదే బిళ్ల మీద 07బి అని ఉంది, అంటే జూలై రెండో వారం. కాబట్టి 1969 జూలైలో నార్‌వుడ్‌లో జెడ్/28గా పుట్టిన బండి ఇది అన్నంతవరకు నాకు సందేహం లేదు. ఇక ఇంజిన్ సంగతి.

ఇక్కడ రెండు రకాల అంకెలను విడదీసి చూడాలి. మొదటిది పోత నంబరు. ఇనుము కరిగించి అచ్చులో పోసినప్పుడే అది బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజిన్ మొండెం) మీద ఉబ్బెత్తుగా వస్తుంది, అందువల్ల తరువాత ఎవరూ సులువుగా మార్చలేరు. కానీ అది చెప్పేది ఏ అచ్చులో పోశారన్నది మాత్రమే. అదే బ్లాకుకు ఒక క్రాంకు (పిస్టన్లను పైకీ కిందికీ కదిలించే వంపుల ఇరుసు) వేస్తే 302 అవుతుంది, మరో క్రాంకు వేస్తే 350 అవుతుంది. రెండోది పంచ్ నంబరు. ఇంజిన్ బిగించిన తరువాత ఉక్కు అచ్చులతో కొట్టే ఈ నంబరు లోపలికి దిగి ఉంటుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏ బండి కోసం బిగించారో చెప్పేది ఇదే. అరగదీసి మళ్లీ కొట్టగలిగేది కూడా ఇదే. వివరాలన్నీ ఉన్న సాక్షి మీద నమ్మకం తక్కువ, నమ్మదగిన సాక్షి చెప్పగలిగేది తక్కువ. గుర్తింపు పనిలో తొంభై పాళ్లు ఈ ఇబ్బందితోనే గడుస్తుంది.

బ్లాకు వెనుక భాగంలో, గేర్‌బాక్సు ముందుండే గంట ఆకారపు కవచాన్ని బిగించే అంచు మీద, డ్రైవరు వైపున పోత నంబరు ఉంటుంది. ఇంజిన్ బండిలో ఉండగా అక్కడికి చూపు వెళ్లదు. చేతి అద్దం, చిన్న టార్చి కావాలి. జిడ్డు తుడిచి చూస్తే 3970010 కనబడింది. 1969 మోడల్‌లో తరువాతి భాగపు 302 ఇంజిన్లకు వాడిన బ్లాకుల్లో ఇది ఒకటి, కాబట్టి ఆక్షేపణ లేదు. కొనదలచినవారు నా భుజం మీదుగా చూస్తూ, "అన్నగారూ, సరిపోయింది కదా, ఇంకేం చూడాలి?" అన్నారు. నేను ఆగమన్నాను. ఎందుకంటే ఈ 010 బ్లాకును షెవర్లే 1969లో మొదలుపెట్టి 1970ల చివరి వరకు పోస్తూనే వచ్చింది. మామూలు 350 కార్లలో, పికప్ ట్రక్కుల్లో ఇది కొల్లలుగా దొరుకుతుంది. ఆ నంబరు ఉండటం అవసరమే గాని, ఉన్నంత మాత్రాన సరిపోదు.

అంచుకు రెండో వైపున, అంటే ప్రయాణికుడి వైపున, పోత తేదీ ఉంది: ఎఫ్ 15 9. ఇక్కడ అక్షరం నెలను సూచిస్తుంది. ఎ అంటే జనవరి, అక్కడి నుంచి వరుసగా లెక్కిస్తే ఎఫ్ జూన్. 15 తేదీ. చివరి 9 సంవత్సరపు ఆఖరి అంకె. ఉచ్చు ఇక్కడే ఉంది. ఆ 9 అనేది 1969 కావచ్చు, 1979 కావచ్చు. బ్లాకు నంబరు రెండు సంవత్సరాలకూ చెల్లుతుంది. సాధారణంగా బండి 1969దే కదా అని 9ని 1969గా చదివేసుకుంటారు. బండిని చూసి బ్లాకు తేదీ చదివి, ఆ తేదీని బట్టి బ్లాకు ఈ బండిదే అనడం గుండ్రంగా తిరిగి మొదటికి రావడమే.

నేను ఇలాంటి చోట క్యాలెండరు తీస్తాను. 1969 జూన్ 15 ఆదివారం; పైగా అమెరికాలో ఆ రోజు తండ్రుల దినం. 1979 జూన్ 15 శుక్రవారం. గిరాకీ ఎక్కువగా ఉన్నప్పుడు కొలిమి ఆదివారం కూడా నడవవచ్చు కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోను, నివేదికలో రుజువుల వరుసలో రాయనూ రాయను. అయితే ఎటువైపు తవ్వాలో చెప్పడానికి అది నాకు చాలు.

పంచ్ నంబరు ఉండే ప్యాడ్ ఇంజిన్ ముందు భాగంలో, ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్‌కు (సిలిండర్ల మీద మూతలా బిగించే భాగానికి) సరిగ్గా ముందు ఉంటుంది. 1969లో ఆల్టర్నేటరును ఆ వైపుకు మార్చడంతో అది పూర్తిగా మరుగున పడింది. బెల్టు వదులు చేసి ఆల్టర్నేటరును పక్కకు జరిపాను. ప్యాడ్ మీద నారింజ రంగు పెయింటు పలుచగా ఉంది. దీన్ని ఇనుప బ్రష్‌తో గీకడం మహాపరాధం. జెల్ రాసి, మెత్తబడ్డాక నైలాన్ బ్రష్‌తో, తరువాత గుడ్డతో తుడవాలి. బయటపడినవి రెండు వరుసలు. మొదటిది వి0624డీజెడ్. వి అంటే మిషిగన్‌లోని ఫ్లింట్ ఇంజిన్ కర్మాగారం, 0624 అంటే జూన్ 24, డీజెడ్ అంటే 1969 జెడ్/28కు వేసిన 302 ఇంజిన్. రెండో వరుస 19ఎన్‌తో మొదలవుతుంది: 1 షెవర్లే, 9 సంవత్సరం, ఎన్ నార్‌వుడ్, తరువాత 6తో మొదలయ్యే ఆరంకెల వరుస సంఖ్య. అది బండి వాహన సంఖ్యతో అంకె అంకెకూ సరిపోయింది.

లెక్క కూడా కుదిరింది. జూన్ 15న పోత, తొమ్మిది రోజులకు ఇంజిన్ బిగింపు, మరో రెండు వారాలకు బండి బయటికి. కాగితం మీద ఇంతకంటే అందమైన వరుస ఉండదు. పెద్దాయన ముఖం వెలిగింది. నాకు మాత్రం ఆ అందమే కొంచెం ఎక్కువగా అనిపించింది.

ప్యాడ్ విడిగా చేసిన భాగం కాదు, బ్లాకు పైతలం హెడ్ దాటి ముందుకు వచ్చిన ముక్క. ఫ్లింట్‌లో ఆ తలాన్ని బ్రోచ్ యంత్రంతో చెక్కేవారు. ఆ యంత్రపు పళ్లు ముందు నుంచి వెనక్కి సమాంతరంగా, వెంట్రుకల్లాంటి సన్నని గీతలు వదిలిపెడతాయి. ఆ గీతల మీదే తరువాత నంబరు కొడతారు. కాబట్టి అసలు ప్యాడ్ మీద గీతలు అంకె అంచు దాకా వచ్చి తెగిపోతాయి; అంకె కొట్టినప్పుడు పక్కలకు పొంగిన లోహం చిన్న గట్టులా మిగులుతుంది. ఈ ప్యాడ్‌ను పది రెట్లు పెంచే లెన్సుతో చూశాను. గీతలు ఉన్నాయి. ముందు నుంచి వెనక్కే ఉన్నాయి. అయితే కొన్ని ఒకదానికొకటి దగ్గరై మధ్యలో కలిశాయి, ఒకచోట ఒక గీత వంగి పక్కకు జారింది. యంత్రపు పన్ను వంకర పోదు, ఎమెరీ కాగితం పట్టిన చెయ్యి పోతుంది. హెడ్‌కూ బ్లాకుకూ మధ్య పరిచే పలుచని గాస్కెట్ అంచు దగ్గర గోరు పెట్టి ముందుకు లాగితే, గాస్కెట్ కింది తలం నుంచి ప్యాడ్ మీదికి దిగేచోట గోరుకు చిన్న మెట్టు తగిలింది. రెండూ ఒకే తలమైనప్పుడు అక్కడ మెట్టు ఉండకూడదు.

ఇంజిన్‌ను తిరగబాగు చేసేటప్పుడు పైతలాన్ని చదును చేస్తే పాత గీతలు పోవడం మామూలే, అందులో మోసం ఏమీ లేదు. కానీ అప్పుడు తలమంతా ఒకే మట్టంలో తగ్గుతుంది, నంబర్లు కూడా పోతాయి. ఇక్కడ ప్యాడ్ ఒక్కటే తగ్గింది, దాని మీద నంబర్లు కొత్తగా మెరుస్తున్నాయి.

ఇంతవరకు వచ్చాక ఊళ్లో నేర్చుకున్న పని ఒకటి చేశాను. నేను ఈ వృత్తిలోకి వచ్చింది విజయవాడ ఆటోనగర్‌లో, ఇంజిన్ సిలిండర్లు చెక్కే బోరింగ్ షాపు మెట్ల మీద కూర్చుని. రవాణా కార్యాలయానికైనా బీమా కంపెనీకైనా ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీసి ఇవ్వాల్సిందే అన్నది అక్కడ పిల్లవాడికి కూడా తెలుసు. పలుచని కాగితం నంబరు మీద పరిచి, మెత్తని పెన్సిలు మొనను పక్కకు వాల్చి రుద్దితే అంకెలు తెల్లగా మిగులుతాయి. అమెరికాలో చాలామంది ఫోటోతో సరిపెట్టుకుంటారు. ఫోటోలో మెరుపు, నీడ అంకెల అంచులను మింగేస్తాయి. పెన్సిల్ ప్రింటులో అవి దాగవు. ఈ ప్యాడ్ ప్రింటు నాలుగుసార్లు తీసి కిటికీ వెలుగులో పెట్టి చూశాను.

మొదటి వరుసలోని 6 పొట్టలో, కింద ఎడమవైపు, బియ్యపు నూక అంత చిన్న గాటు ఉంది. అంటే అంకె కొట్టిన ఉక్కు అచ్చు అక్కడ విరిగి ఉంది. రెండో వరుసలోని 6 పొట్టలోనూ, అదే చోట, అదే ఆకారంలో, అదే గాటు ఉంది. నాలుగు ప్రింట్లలోనూ అలాగే వచ్చింది.

మొదటి వరుసను కొట్టవలసింది మిషిగన్‌లోని ఫ్లింట్ ఇంజిన్ కర్మాగారంలో. రెండో వరుసను కొట్టవలసింది ఇంజిన్ ప్రయాణం చేసి చేరిన తరువాత ఒహాయోలోని నార్‌వుడ్ కార్ల కర్మాగారంలో. ఊళ్లు వేరు, రాష్ట్రాలు వేరు, కొట్టే మనుషులు వేరు, అచ్చులు వేరు. అందుకే అసలు ప్యాడ్ల మీద రెండు వరుసల అక్షర రూపం, లోతు కొద్దిగా తేడాగా ఉంటాయి. పైగా ఒక్కొక్క వరుసను అచ్చులన్నీ ఒక పట్టీలో బిగించి ఒకే దెబ్బతో కొట్టేవారు కాబట్టి వరుస లోపల అంకెల పాదాలు ఒకే గీత మీద నిలబడతాయి. ఇక్కడ మొదటి వరుసలో 2 కొంచెం కిందికి దిగింది, జెడ్ మిగిలిన వాటికంటే లోతుగా దిగింది. విడి అచ్చుల పెట్టె ఒకటి పెట్టుకుని, ఒక్కొక్క అంకె సుత్తితో కొట్టిన పని ఇది. రెండు వరుసలూ ఒకే చెయ్యి, ఒకే పెట్టె.

నివేదికకు ఇది చాలు. అయినా బ్లాకు ఏదన్న ప్రశ్న మిగిలే ఉంది, ఎందుకంటే అసలు బ్లాకు మీదే, చదును చేయించినప్పుడు పోయిన నంబర్లను తిరిగి కొట్టించుకునేవారు కూడా ఉన్నారు. అది తప్పే, కానీ వేరే రకం తప్పు. దాన్ని తోసిపుచ్చాలంటే ఇంజిన్ కిందికి వెళ్లాలి. పెద్దాయన అభ్యంతరం చెప్పలేదు. నిజం తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనకే ఎక్కువగా కనిపించింది.

ఆయిల్ దించే ముందు పైభాగం చూశాను. వాల్వు మూతలు తీస్తే రెండు హెడ్‌ల మీదా 3927186 అన్న పోత నంబరు ఉంది. 1969 జెడ్/28కు తగినవి ఇవే. ఒకదాని తేదీ ఇ 29 9, రెండోదాని తేదీ ఎఫ్ 4 9. ఈ హెడ్‌లను 1969, 1970 మోడళ్లకే వాడారు కాబట్టి ఇక్కడ పదేళ్ల గందరగోళం లేదు. మే 29, జూన్ 4, రెండూ 1969లో పనిరోజులే. అల్యూమినియం ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద 3932472, పక్కనే వింటర్స్ పోత శాల వారి మంచుపువ్వు గుర్తు ఉన్నాయి. పైన హోలీ కార్బ్యురేటరు గొంతు మీద 4053 అన్న నంబరు. అన్నీ 1969 జెడ్/28వే.

ఇంజిన్‌ను మౌంట్ల మీంచి కొద్దిగా పైకెత్తి ఆయిల్ చాంబర్ దించడానికి పూట పట్టింది. మొదట స్ట్రోక్ కొలిచాను. ప్లగ్ రంధ్రంలోంచి కడ్డీ దించి కొలిచే చిట్కా ఈ ఇంజిన్‌కు పనికిరాదు, ప్లగ్గు వాలుగా ఉంటుంది కాబట్టి కడ్డీ బోరుకు నిటారుగా దిగదు. కింది నుంచి క్రాంకు తిప్పుతూ పిస్టన్ పాదం ఎంత దూరం కదిలిందో కొలవాలి. 76 మిల్లీమీటర్లు వచ్చింది. 350 ఇంజిన్ అయితే 88 దాటాలి. అంటే లోపల ఉన్నది 3 అంగుళాల క్రాంకే. ఇంజిన్ నిజంగానే 302గా తిరుగుతోంది.

తరువాత మెయిన్ బేరింగ్ క్యాపులు, అంటే క్రాంకును కింది నుంచి బ్లాకుకు పట్టి ఉంచే బిగింపులు. 1969 డీజెడ్ ఇంజిన్లన్నింటికీ మధ్యనున్న మూడు క్యాపులు నాలుగేసి బోల్టులతో ఉంటాయి. ఎక్కువ వేగంతో తిరిగే పందెపు ఇంజిన్ కాబట్టి అలా చేశారు. 010 బ్లాకును షెవర్లే నాలుగు బోల్టులతోనూ చేసింది, రెండు బోల్టులతోనూ చేసింది. ఇక్కడ ఐదు క్యాపులూ రెండేసి బోల్టులతోనే ఉన్నాయి. పక్కన మరో జత బోల్టులకు రంధ్రం గాని, వాటిని కూర్చోబెట్టే వెడల్పైన దిమ్మ గాని లేవు. రెండు బోల్టుల బ్లాకును ఖర్చుపెట్టి నాలుగు బోల్టులకు మార్పించేవారు ఉన్నారు. నాలుగును రెండుకు మార్చడం ఎవరికీ అవసరం లేదు, సాధ్యమూ కాదు. ఈ బ్లాకు ఏ రోజునా డీజెడ్ ఇంజిన్‌గా ఫ్లింట్ గడప దాటలేదు.

ఈ సందర్భంలో ఒక పక్కదారి. టైమింగ్ మూత కింద కొన్ని బ్లాకుల మీద 010, 020 అన్న అంకెలు ఉంటాయని, అవి ఇనుములో కలిపిన తగరం, నికెల్ శాతాలని, అలాంటి బ్లాకు దొరికితే అదృష్టమని ఒక నమ్మకం షాపుల్లో పాకింది. కొందరు పోత నంబరు చివర ఉన్న 010ని కూడా అదేనని పొరబడతారు. గుర్తింపు పనిలో ఆ అంకెలకు నేను విలువ ఇవ్వను. పెద్దాయన అడిగారు కాబట్టి చెప్పాను, మూత మాత్రం విప్పలేదు.

మొత్తం కలిపి చూస్తే నాకు కనిపించే కథ ఇది. అసలు బ్లాకు ఎప్పుడో చెడిపోయింది. పగిలిందో, బోరు బాగుచేయలేనంతగా అరిగిపోయిందో. అప్పటి యజమాని దాని క్రాంకు, హెడ్‌లు, మానిఫోల్డ్, కార్బ్యురేటరు జాగ్రత్తగా తీసి చవకగా దొరికిన 010 బ్లాకులో వేయించాడు. అందులో తప్పేమీ లేదు, ఆటోనగర్‌లో రోజూ జరిగే పనే. వారంటీ కింద కంపెనీయే బ్లాకు మార్చిన సందర్భాల్లో సీఈ అన్న గుర్తుతో కొత్త నంబరు వేసేవారు, అలాంటి బండ్లకు మార్కెట్లో మర్యాద కూడా ఉంది. తరువాత మరెవరో, బహుశా ధర పెరిగాక, ప్యాడ్ అరగదీసి ఈ రెండు వరుసలు కొట్టించారు. తేదీ ఎంచుకోవడంలో తెలివి చూపారు. ఎఫ్ 15 9కి, 07బికి మధ్య జూన్ 24 చక్కగా ఇమిడింది. 1970 నుంచి ఇంజిన్ గుర్తుకు మూడు అక్షరాలు వచ్చాయి కాబట్టి, తరువాతి కాలపు బ్లాకు అయితే పాత పంచ్ నంబరు ఉంచి ఊరుకోవడం వారికి కుదరదు కూడా.

నివేదికలో ఎవరు చేశారన్నది రాయలేదు. అది నా పని కాదు, పెద్దాయన కొన్నప్పటికే ఈ పని జరిగిపోయి ఉండవచ్చు. రాసినవి ఇవి. బండి అసలైన నార్‌వుడ్ జెడ్/28. హెడ్‌లు, ఇన్‌టేక్ మానిఫోల్డ్, కార్బ్యురేటరు ఆ కాలపు ఆ రకానివే, క్రాంకు స్ట్రోక్ 302కు తగినదే. బ్లాకు ఈ బండితో పుట్టినది కాదు. ప్యాడ్ మీది రెండు వరుసలూ కర్మాగారాల్లో కొట్టినవి కావు. పోత తేదీలోని 9ని 1969గా చదవడానికి ఆధారం లేదు.

పెద్దాయన నివేదికను రెండుసార్లు చదివి, పెన్సిల్ ప్రింటు కాగితాన్ని తీసుకుని కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు ఆ రెండు 6లను చూశారు. వారం తరువాత అడిగిన ధరలో నాలుగో వంతుకు పైగా తగ్గించి బండి ఇచ్చేశారు. కొన్నవారు ఒక షరతు మీద తీసుకున్నారు: అమ్మకపు పత్రంలో ఇంజిన్ గురించి "బ్లాకు తరువాత మార్చినది, ప్యాడ్ నంబర్లు అసలువి కావు" అన్న వాక్యం రాయించి, నాలుగు ప్రింట్లలో ఒకదాన్ని దానికి పిన్నుతో గుచ్చి, ఇద్దరూ దాని మీదే సంతకాలు పెట్టారు.